ఎడమ జేబు తల్లిది, కుడి జేబు బిడ్డది

పెద్దక్క ఏప్రాన్‌కు రెండు జేబులుండేవి. ఎడమ జేబు తల్లిది, కుడి జేబు బిడ్డది. ఈ ఒక్క నియమం మీద మా ప్రసూతి ఆసుపత్రిలో ఒక పెద్ద పరిశోధన మొదలైంది. మధ్యలో ఒకసారి బోర్లా కూడా పడింది. ఎలా పడిందన్నది మా ఇంట్లో వాళ్లకు నేను పదహారు రకాలుగా చెప్పాను. పదిహేనింటిలో తప్పు ఇంకెవరిదో అవుతుంది. ఒకదాంట్లో అయితే పిల్లిది. ఇది పదహారోది. ఇందులో పిల్లి లేదు.

పెద్దక్క మా కాన్పుల గదికి పెద్ద నర్సు. నేను చేరేనాటికే ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ గదిలో ఉంది. పొట్టి మనిషి. మడమలు నేలకు తగిలేవో లేదో తెలియని నడక. గొంతు మాత్రం ఆ మనిషికి నాలుగింతలు. కడుపులో అడ్డం తిరిగిన బిడ్డను ఆవిడ "ఏయ్" అని ఒక్క కేక వేస్తే బిడ్డ సర్దుకుని తలకిందులుగా నిలబడిందని నేను చెప్పేవాణ్ణి. ఇది అబద్ధమని మీకూ తెలుసు. కానీ ఆ కేకకు కింది అంతస్తులో మందులిచ్చే ఆయన చేతిలోంచి సీసా జారిపోవడం నేను కళ్లారా చూశాను.

ఆవిడ భర్త బస్సు డ్రైవరు. ఆయనది సాయంత్రం బయల్దేరే దూరపు బండి, ఈవిడది పగటి డ్యూటీ. ఆయన తెల్లవారి వచ్చేటప్పటికి ఈవిడ బయల్దేరేది. ఇద్దరూ వీధి మలుపులో ఎదురుపడి, ఆయన ఖాళీ డబ్బా ఇచ్చి, ఈవిడ తాళంచెవి ఇచ్చి, ఎవరి దారిన వాళ్లు పోయేవారు. "పదకొండేళ్లు కాపురం ఆ మలుపులోనే చేశాం" అని నవ్వేది. ఇద్దరు పిల్లలు కూడా ఆ మలుపులోనే పుట్టారని నేను ప్రచారం చేశాను. అది ఆవిడ చెవిన పడింది. అప్పటి నుంచి మా ఇద్దరికీ యుద్ధం.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే కథ ముందుకు సాగదు. కాన్పుల గదికి ఆనుకుని చిన్న ల్యాబు ఉండేది. మధ్య గోడకు ఒక కిటికీ, కిటికీకి చెక్క పలక. రెండో కిటికీ కారిడార్‌లోకి తెరుచుకునేది. లోపల నేను, గొట్టాలు తిప్పే యంత్రం, ఫ్రీజరు, ఒక విరిగిన స్టూలు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. కాన్వెంటులో చదువుకున్నాను. అక్కడి మదర్లు నాకు రెండు విద్యలు నేర్పి పంపించారు. ఒకటి గుండ్రటి చేతిరాత. రెండోది కుట్టుపని. ఆడపిల్లలకొక న్యాయం, మగపిల్లలకొక న్యాయం ఏమిటని మా మదరు అందరి చేతికీ సూది ఇచ్చేది. కుట్టు వంకరపోతే వేళ్ల మీద స్కేలు పడేది. నా కుట్టు ఎప్పుడూ వంకరపోలేదు. ఆ సంగతి గుర్తుంచుకోండి. చేతిరాత చూసి పెద్దక్క నాకు "గుండ్రక్షరం" అని పేరు పెట్టింది.

ఇక పరిశోధన. మా ఆసుపత్రికి ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. ఆయన తండ్రి నలభై రెండో ఏట, బూట్లు తొడుక్కుంటూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుండె ఆగి పోయాడట. కొడుక్కి అప్పుడు తొమ్మిదేళ్లు. అప్పటి నుంచి ఆయనకు ఒకటే ఆలోచన.

"గుండెపోటు నలభైలో రాదయ్యా. నలభైలో చేరుతుంది. బయల్దేరేది ఎప్పుడో ఇంకెప్పుడో. నాకు ఆ బయల్దేరే చోటు కావాలి" అనేవాడు.

ఆ చోటు బొడ్డుతాడులో దొరుకుతుందేమోనని ఆయన ఆశ. బిడ్డ పుట్టగానే బొడ్డు కోస్తారు కదా. మాయ వైపు మిగిలిన తాడులో ఇంకా కాస్త రక్తం ఉంటుంది. అది బిడ్డ రక్తమే. సూది గుచ్చనక్కర్లేదు, బిడ్డకు నొప్పి లేదు. మామూలుగా అయితే మాయతో పాటు పారేసేదే. ఆ రక్తం చెంచాడు గొట్టంలోకి పట్టి, అందులో కొవ్వు ఎంతుందో కొలవాలి. అలా ఐదు వందల మంది పిల్లలు. తర్వాత వాళ్లను ఐదేళ్లకోసారి పిలిచి, పుట్టినప్పుడు ఎక్కువ ఉన్నవాళ్లకు పెద్దయ్యాక కూడా ఎక్కువ ఉంటోందా, గుండెకు ముప్పు పెరుగుతోందా అని చూడాలి. పోల్చుకోవడానికి అదే రోజు తల్లి చేతి నుంచి కూడా ఒక గొట్టం రక్తం తీయాలి.

పసిబిడ్డ బొడ్డుతాడు రక్తంలో కొలెస్ట్రాల్ చాలా తక్కువ. మా ల్యాబులో అరవై, డెబ్బై, ఎనభై వచ్చేది, ఏ కొద్దిమందికో వంద దాటేది. నిండు గర్భిణికి రెండొందల యాభై దాకా ఉండేది. ఈ తేడాను కూడా గుర్తుంచుకోండి.

కాన్పు గదిలో గొట్టాల మీద పేరు రాసే వీలు ఎక్కడుంటుంది? చేతులు తడి, చేతొడుగులు నెత్తురు. అందుకని పెద్దక్క తన పద్ధతి తాను పెట్టుకుంది. నొప్పులు మొదలయ్యాక తీసిన తల్లి రక్తం ఎడమ జేబులో. తాడు రక్తం కుడి జేబులో. అంతా అయ్యాక చేతులు కడుక్కుని కిటికీ దగ్గరికి వచ్చేది. ఎడమ చెయ్యి చాచితే తల్లి, కుడి చెయ్యి చాచితే బిడ్డ. నోటి మాట అక్కర్లేదు. నేను చీటీ రాసి, జిగురు రాసి, అంటించేవాణ్ణి. నూట పదమూడు కాన్పులు ఇలా జరిగాయి. ఒక్క తేడా లేదు.

ఇంతలో యుద్ధం ముదిరింది. ఒక మధ్యాహ్నం యంత్రం జోలపాట పాడుతుంటే నేను స్టూలు మీదే కునుకు తీశాను. పెద్దక్క చప్పుడు చేయకుండా వచ్చి నా చీటీల్లోంచే ఒకటి తీసుకుని, "పాడైన నమూనా" అని రాసి, నా నుదుటి మీద అంటించి పోయింది. నేను లేచి ఆ చీటీతోనే మూడు వార్డులు తిరిగాను. అందరూ నన్ను చూసి నవ్వుతుంటే ఆ రోజు అందంగా ఉన్నాననుకున్నాను.

పగ తీర్చుకోవాలి. బుధవారం సాయంత్రం చాకలి దగ్గర నుంచి ఉతికిన ఏప్రాన్లు వచ్చాయి. పెద్దక్కది చిన్న సైజు, చూడగానే తెలుస్తుంది. నేను తెల్లదారం తీసుకుని, ఎడమ జేబు మూతిని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సన్నగా కుట్టేశాను. పొద్దున్నే వేసుకుని, అలవాటుగా చెయ్యి పెట్టబోతుంది, చెయ్యి దూరదు, కేక వేస్తుంది, సీసాలు జారతాయి, మేమంతా నవ్వుతాం. ఇదీ నా పథకం.

గురువారం పొద్దున పెద్దక్క వచ్చేసరికే ఒక తల్లికి నొప్పులు దగ్గరపడ్డాయి. ఆవిడ ఏప్రాన్ తొడుక్కుంటూ పరుగెత్తింది. జేబులో చెయ్యి పెట్టుకునే తీరికే దొరకలేదు. నేను కిటికీకి చెవి ఆనించి కూర్చున్నాను. కేక వినబడలేదు. ముప్పావు గంటకు బిడ్డ ఏడుపు వినబడింది.

తర్వాత పెద్దక్క కిటికీ దగ్గరికి వచ్చింది. నేను నవ్వు ఆపుకోవడానికి కింది పెదవి కొరుక్కుంటున్నాను. ఆవిడ ఎడమ చెయ్యి ఎడమ జేబు మీదికి వెళ్లి, ఆగి, వెనక్కి వచ్చింది. కుడి జేబులోంచి ఒక గొట్టం తీసి ఇచ్చింది. "బిడ్డ." మళ్లీ అదే జేబులోంచి ఇంకొకటి తీసింది. "తల్లి."

రెండూ ఒకే జేబులోంచి వచ్చాయి. నేను చూశాను. అయినా అడగలేదు. అడగాలంటే నోరు తెరవాలి, నోరు తెరిస్తే నవ్వు బయటపడుతుంది. నా గుండ్రటి అక్షరాలతో రెండు చీటీలు రాసి అంటించాను. నూట పద్నాలుగు, బిడ్డ. నూట పద్నాలుగు, తల్లి.

భోజనాల వేళ పెద్దక్క కత్తెరతో ఆ కుట్టు విప్పింది. దారం ముక్క పైకెత్తి వెలుతురులో చూసింది. చుట్టూ అందరూ ముసిముసిగా నవ్వుతున్నారు. "ఎవరు కుట్టారో గానీ చేతిలో పని ఉంది" అని మాత్రం అని, దారం చెత్తబుట్టలో వేసి పోయింది. కేక లేదు. నాకు చప్పగా అనిపించింది.

నూట పద్నాలుగు బిడ్డ ఫలితం రెండొందల యాభై ఒకటి వచ్చింది.

డాక్టరు గంతేశాడు. ఇలాంటి అరుదైన బిడ్డ కోసమే ఆయన వెతుకుతున్నాడు. అదే గొట్టంలోని రక్తాన్ని మళ్లీ పరీక్షించమన్నాడు. మళ్లీ రెండొందల నలభై తొమ్మిది. పరీక్షలో తప్పు లేదు. గొట్టం సంగతి ఎవరికీ తట్టలేదు. తల్లి గొట్టం పరీక్షిస్తే ఆ రోజే బండారం బయటపడేది. కానీ తల్లుల గొట్టాలు యాభై పోగయ్యాక ఒకేసారి చేయాలని డాక్టరు నియమం. అంతవరకు అవి ఫ్రీజరులో ఉండాలి. వంద హద్దు దాటిన పిల్లల ఇళ్లకు ఉత్తరాలు పోయేవి. ఆయన చెప్పాడు, నేను రాశాను, ఆయన సంతకం పెట్టాడు. "మీ బిడ్డ రక్తంలో కొవ్వు పుట్టుకతోనే చాలా ఎక్కువగా ఉంది. మున్ముందు గుండెకు ప్రమాదం ఉండవచ్చు. మూడో నెలలో తప్పక తీసుకురండి. ఆహారం విషయంలో జాగ్రత్త వహించండి." ఆ చివరి మాట బిడ్డ పెద్దయ్యాక తినబోయే తిండి గురించి. అలా అని ఉత్తరంలో మాత్రం లేదు.

ఆరు వారాలు గడిచాయి. బుధవారం పిల్లల్ని తూచే రోజు. తూకం బల్ల నా కారిడార్ కిటికీ ముందే ఉండేది. పెద్దక్క తూచి, కార్డు మీద రాసి, ఒక్కో తల్లినీ తిట్టి పంపిస్తోంది. ఒక పిల్ల దగ్గర ఆవిడ గొంతు మారింది.

"ఏంటమ్మా ఇది? మూడు వారాల కింద మూడున్నర కిలోలు. ఇవాళ మూడూ నాలుగొందలు. పిల్ల పెరగాలా, తగ్గాలా?"

"కొవ్వు తగ్గాలి కదా సిస్టర్" అంది ఆ తల్లి. సన్నగా, చురుగ్గా ఉంది. మాట ఎక్కడా తడబడటం లేదు.

"ఎవరికి తగ్గాలి?"

"దీనికే. డాక్టరుగారు ఉత్తరం రాశారు కదా."

పక్కన నిలబడ్డ అత్తగారు అందుకుంది. "చెప్పు, నువ్వు చేస్తున్న నిర్వాకం చెప్పు. నేను చెబితే చదువురాని ముసలిదాన్నంట. ఐదుగుర్ని కన్నాను. ఒక్కడి నెత్తురన్నా కొలిచానా?"

"మీరు కాసేపు ఉండండి అత్తయ్యా."

"పాలు పడుతున్నావా, లేదా?" అని అడిగింది పెద్దక్క.

"పడుతున్నా సిస్టర్. మీగడ తీసి పడుతున్నా."

పెద్దక్క చేతిలో పెన్ను కార్డు మీద ఆగిపోయింది. "ఎవరి పాలకు?"

"నా పాలకే."

ఆ అమ్మాయి పాలకేంద్రంలో పనిచేసేదట. పొద్దున, సాయంత్రం క్యాన్ల వరస ముందు నిలబడి ఒక్కో క్యానులో వెన్న ఎంతుందో గాజు గొట్టంలో కొలిచి రాయడం ఆమె పని. ఉత్తరం అందిన రోజే తన పాలు గిన్నెలోకి పిండి, చల్లటి చోట పెట్టి, పైకి తేలిన మీగడను చెంచాతో తీసేసి, కింద మిగిలింది కాస్త వెచ్చచేసి పిల్లకు పట్టడం మొదలుపెట్టింది. మూడు వారాలుగా అదే.

"కొలిచాను కూడా. మొదట్లో నాలుగు శాతం వచ్చింది. ఇప్పుడు ఒకటి కూడా లేదు" అంది. పని బాగా చేసినవాళ్ల గొంతులో ఉండే గర్వం ఉంది ఆ మాటలో.

"పిల్ల ఏడవడం లేదా?"

"మొదట్లో బాగా ఏడ్చేది. ఇప్పుడు ఏడవట్లేదు."

కిటికీ ఇవతల నేను చేతిలోని గొట్టం కింద పెట్టాను.

పెద్దక్క తిట్టలేదు. అదే నన్ను భయపెట్టింది. మెల్లగా అంది. "ఇవాళ్టి నుంచి మీగడతోనే ఇవ్వు. నేను చెబుతున్నా."

"అదెలా సిస్టర్? అక్కడ డాక్టరుగారి సంతకం ఉంది. మీ మాట విని ఇచ్చాననుకోండి, నా కూతురు నలభైలో గుండె పట్టుకుని పడిపోతే మీరొస్తారా?"

డాక్టరు ఊళ్లో లేడు. సోమవారం గానీ రాడు. సోమవారం దాకా ఆ పిల్లకు నీళ్లలాంటి పాలే. పెద్దక్క కార్డు మీద పుట్టిన తేదీ చూసింది. ఇంకోసారి చూసింది. తల్లినీ అత్తగారినీ బల్ల మీద కూర్చోమని చెప్పి, ల్యాబు తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"ఏరా గుండ్రక్షరం, నూట పద్నాలుగు పుట్టింది ఏ రోజు?"

"గురువారం" అన్నాను. రిజిస్టరు చూడనక్కర్లేకపోయింది.

"ఆ రోజు నాకు ఒకటే జేబు. తల్లి గొట్టం ముందు పెట్టా, బిడ్డది తర్వాత పెట్టా. పైన ఉన్నది బిడ్డదే అనుకున్నా. మధ్యలో వంగాను, లేచాను, పరుగెత్తాను. పైది కింద, కిందిది పైన అయిందేమో నాకేం తెలుసు? తల్లి గొట్టం తియ్యి."

"యాభై అయ్యేదాకా ముట్టుకోవద్దన్నారు పెద్దక్కా."

"ఆ పిల్ల యాభై అయ్యేదాకా ఆగుతుందా?"

తీశాను. కరిగించాను. ఆ రోజుల్లో మా పరీక్ష రంగు చూసి చేసేది. ద్రావకంలో రక్తం నుంచి తేరిన సీరం చుక్కలు వేసి చీకటి అలమరాలో ఇరవై నిమిషాలు పెడితే ఆకుపచ్చగా తిరుగుతుంది. కొలెస్ట్రాల్ ఎంత ఎక్కువ ఉంటే అంత చిక్కటి పచ్చ. ఇరవై నిమిషాలు పెద్దక్క ఆ విరిగిన స్టూలు మీద కూర్చుంది. ఆవిడ కూర్చోవడం నేను అదే మొదటిసారి చూడటం. కారిడార్‌లో అత్తగారి గొణుగుడు వినిపిస్తూనే ఉంది. పిల్ల గొంతు మాత్రం వినిపించలేదు.

అలమరా తెరిచాను. "తల్లి" అని నేను గుండ్రంగా రాసిన గొట్టం లేత పచ్చ. ఇంకా తేరిపార చూస్తే తప్ప పచ్చ అని కూడా తెలియదు. అరవై ఎనిమిది. నొప్పులు పడుతున్న నిండు గర్భిణి రక్తం అలా ఉండదు.

"ఇది పిల్లది" అంది పెద్దక్క. "నా చేతిమీదుగా పోయిన వాటిలో ఇదే మొదటి తప్పు."

"పెద్దక్కా, ఆ జేబు కుట్టింది..."

"నువ్వే. తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"ఆ మధ్యాహ్నం నుంచే. అంగుళానికి పన్నెండు కుట్లు, ఒక్కటి వంకర లేదు. ఈ ఆసుపత్రిలో అంత వరసగా కుట్టేది కాన్వెంటులో దెబ్బలు తిన్నవాడు తప్ప ఇంకెవడు?"

"రెండు గొట్టాలూ ఒకే జేబులోంచి తీయడం చూశాను. అడగలేదు. నవ్వొస్తుందని."

ఆవిడ స్టూలు మీంచి లేచింది. "జేబు కుట్టింది నువ్వు. జేబు లేదని తెలిసీ ఆగనిది నేను. పంచుకోవడం తర్వాత. ముందు ఆ పిల్ల కడుపు నిండాలి."

తల్లిని లోపలికి పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పింది. జేబు, కుట్టు, గొట్టాలు, అన్నీ. నా పేరు చెప్పలేదు. నేనే చెయ్యి ఎత్తాను, స్కూల్లో ఎత్తినట్టు.

ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. "అప్పుడూ మీరే చెప్పారు, ఇప్పుడూ మీరే చెబుతున్నారు. దేన్ని నమ్మమంటారు?"

"మీ కేంద్రంలో పక్కపక్క క్యాన్లు రెండింట్లో ఒకటి నీళ్లలా, ఒకటి వెన్నముద్దలా వస్తే ఏం చేస్తావు?" అని అడిగింది పెద్దక్క.

"శాంపిళ్లు మారాయనుకుంటా."

"తర్వాత?"

"మళ్లీ తీస్తా. క్యానులోంచే, నా చేత్తో." ఆ మాట అంటూనే తన చెయ్యి నా ముందు చాచింది. "తియ్యండి. నాది ఇప్పుడు తియ్యండి. నా కళ్లముందే కలపండి."

తీశాను. తిప్పాను. మూడు గొట్టాలు పెట్టాను. ఆ రోజు "బిడ్డ" అని రాసింది, "తల్లి" అని రాసింది, ఇప్పుడు తీసింది. మళ్లీ ఇరవై నిమిషాలు. ఆ అమ్మాయి అలమరా తలుపు ముందు నుంచి కదల్లేదు. నేను ఏమైనా మారుస్తానేమోనని నా చేతులనే చూస్తోంది. ఆ చూపు నాకు తగినదే.

తలుపు తీశాం. ఒకటి లేత పచ్చ. మిగిలిన రెండూ ముదురాకు రంగు. అంకెలు చదవబోయాను. ఆమె ఆపింది.

"అక్కర్లేదు. జీవితమంతా నేను చేసే పని ఇదే" అంది. "బిడ్డ" అని రాసిన చీటీ మీద వేలు పెట్టి, "ఇది నేను. దీని కోసం నా పిల్లని ఎండగట్టాను" అంది. అత్తగారి చేతిలోంచి పిల్లను తీసుకుని నా విరిగిన స్టూలు మీదే కూర్చుని పక్కకు తిరిగింది. నేను గోడవైపు తిరిగాను. పిల్లకు చెంచా అలవాటైపోయింది, నోటికి అందడం లేదు. రెండుసార్లు జారింది. పెద్దక్క వంగి పిల్ల గడ్డం సర్ది, "ఏయ్" అంది. చాలా మెల్లగా. ఆవిడకు అంత మెల్లగా కూడా వచ్చని నాకు అప్పుడే తెలిసింది. కాసేపటికి గుటకల చప్పుడు వినిపించింది.

తలుపు దగ్గర అత్తగారు, "నేను చెబితే చదువురానిదాన్ని" అని మొదలుపెట్టి, ముక్కు చీదుకుని ఆపేసింది.

వెళ్లేటప్పుడు ఆ అమ్మాయి వెనక్కి తిరిగింది. "మా దగ్గర ఖాళీ సీసా మీదే ముందు పేరు రాస్తాం. తర్వాతే పాలు పోస్తాం. మీకు ఎవరూ చెప్పలేదా?"

చెప్పలేదు. నాలుగు డిగ్రీలున్న డాక్టరుకూ తట్టలేదు, కాన్వెంటు చదువున్న నాకూ తట్టలేదు.

సోమవారం పెద్దక్క డాక్టరు ముందు నిలబడింది. పక్కన నేను. ఇద్దరం చెప్పుకున్నాం. ఆయన ఆ ఉత్తరం నకలు తెప్పించుకుని చదివి, చివరి వాక్యం కింద గీత గీశాడు. "మూడో తప్పు నాది" అన్నాడు. అలాంటి ఉత్తరాలు ఇంకా ఏడు ఇళ్లకు పోయాయి. ఆ వారమంతా డ్యూటీ దిగాక పెద్దక్కా నేనూ ఆ ఏడు ఇళ్లకూ నడిచాం. పసిబిడ్డకు కడుపునిండా పాలే ఆహారమనీ, భయపడొద్దనీ చెప్పాం. ఒక ఇంట్లో పిల్లవాడు అప్పటికే బొద్దుగా బంతిలా ఉన్నాడు. ఉత్తరం సంగతి అడిగితే, "ఏ ఉత్తరం?" అన్నారు. పెద్దక్క అంత హాయిగా నవ్వడం నేను ఇంకెప్పుడూ చూడలేదు.

తల్లుల గొట్టాలన్నీ వెంటనే పరీక్షించాం. మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా ఇక తాను గొట్టాలు మోయనని పెద్దక్కే చెప్పేసింది. ఆ తర్వాత చీటీలు ముందే అంటించిన గొట్టాలు ట్రేలో వచ్చేవి, ట్రేలోనే పోయేవి. కాన్పయ్యాక ఆవిడ అలవాటుగా కిటికీ దగ్గరికి వచ్చేది. రెండు చేతులూ ఖాళీగా పలక మీద ఆనించి, "ఆడపిల్లరా" అనో, "మగవాడు, నీలాగే నిద్రముఖం" అనో చెప్పి పోయేది. నాకు డాక్టరు వేసిన శిక్ష ఏడాదిపాటు ప్రతి బుధవారం పిల్లల్ని తూచడం. నూట పద్నాలుగు రెండో బుధవారానికే మూడు వందల గ్రాములు పెరిగింది. ఆ అంకె నేను రాసినంత గుండ్రంగా ఇంకేదీ రాయలేదు.

ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల్ని మళ్లీ పిలిచాం. డాక్టరుకు జుట్టు నెరిసింది. బొడ్డుతాడు అంకె కొంత చెబుతుందనీ, అంతా చెప్పదనీ ఆయన అప్పటికి ఒప్పుకున్నాడు. పుట్టినప్పుడు ఎక్కువ ఉన్న కొందరు నిక్షేపంలా ఉన్నారు. తక్కువ ఉన్న కొందరికి పెరిగింది. బయల్దేరే చోటు ఒకటి కాదని, దారిలో చాలా మలుపులు ఉంటాయని అనేవాడు. మలుపులన్న మాట వినగానే నాకు పెద్దక్కా, ఆవిడ భర్తా, ఖాళీ డబ్బా గుర్తొచ్చేవి.

పెద్దక్క రిటైరై అప్పటికి పదిహేనేళ్లు. పిలవకుండానే వచ్చింది, చేతిసంచితో. నూట పద్నాలుగు వచ్చిన రోజునే వచ్చింది. ఆ అమ్మాయి మా గుమ్మం కన్నా రెండు వేళ్లు తక్కువ పొడవు. తూకం యంత్రం మీద నిలబడితే యాభై తొమ్మిది కిలోలు. పెద్దక్క కళ్లద్దాలు సర్దుకుని అంకె రెండుసార్లు చదువుకుంది.

"మీగడ తింటున్నావా?"

"తినకపోతే మా అమ్మ ఊరుకుంటుందా అమ్మమ్మా? గిన్నె ముందు పెట్టి కొలుస్తుంది" అని నవ్వింది ఆ అమ్మాయి.

నేను రక్తం తీశాను. చీటీ ముందే అంటించి ఉంది. గొట్టం ట్రేలో పెట్టబోతుంటే పెద్దక్క సంచిలోంచి పాత ఏప్రాన్ తీసి తొడుక్కుంది. పసుపు తిరిగిపోయింది. ఎడమ జేబు మూతి పొడుగునా నా సూది రంధ్రాలు ఇంకా వరసగా ఉన్నాయి. కుడి జేబును రెండు వేళ్లతో తెరిచి పట్టుకుంది.

"ఇలా వెయ్యి. బిడ్డది కుడి జేబు."

"ఇరవై ఏళ్లొచ్చాయి, నేనింకా బిడ్డనేనా?" అంది ఆ అమ్మాయి.

"నాకు లెక్కలు నేర్పకు" అని పెద్దక్క గొట్టాన్ని జేబులో వేసుకుని, దాని మీద చెయ్యి ఆనించి, కారిడార్ ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి, కిటికీ అవతల నిలబడింది. నేను ఇవతల నా స్టూలు మీద కూర్చున్నాను. కుడి చెయ్యి చాచింది. ఈసారి నేను నోరు తెరిచి అడిగాను.

"ఏ జేబులోది పెద్దక్కా?"

"కుడి" అంది. "రాసుకో."